కొసరు వాపసు

మండపేటలో పప్పుగుత్తి కావాలంటే లక్కోజు సోమలింగాచారి దగ్గరికే వెళ్ళాలని ఒకప్పుడు అనేవారు. ఇప్పుడు మండపేటలో ఎవరికీ పప్పుగుత్తి అక్కర్లేదు కాబట్టి ఆ మాట అనేవాళ్ళూ లేరు. మిక్సీలు వచ్చాక సోమలింగం కొట్టు ముందు జనం ఆగడం మానేశారు. ఆగిన ఒకరిద్దరూ పక్కనున్న జిరాక్సు షాపు ఎన్నింటికి తీస్తారని అడగడానికే ఆగేవారు. చివరికి అద్దె కట్టలేక కొట్టు ఖాళీ చేసి, లేత్ మిషను ఇంటి వసారాలోకి మార్చుకున్నాడు. యాభై ఆరేళ్ళ వయసులో కొత్త పని నేర్చుకునే ఓపిక అతనికి లేదు, నేర్పే ఓపిక ఇంకొకరికి లేదు.

ఆ రోజుల్లోనే అతని భార్య కామాక్షి, ఇంటర్ దాకా చదివి ఆ చదువుని ముప్ఫై ఏళ్ళుగా పాలవాడి పద్దుకే వాడుతున్న మనిషి, ఫోనులో 'సంతృప్తి బజార్' అనే అంగడిలో పేరు నమోదు చేసి, మూడు పప్పుగుత్తులకీ రెండు కవ్వాలకీ ఫొటోలు తీసి పెట్టింది. ఫోనులో కొట్టేమిటని సోమలింగం వారం రోజులు ఎగతాళి చేశాడు. ఎనిమిదో రోజున హైదరాబాదు నుంచి ఆర్డరు వచ్చింది, తొమ్మిదో రోజున బెంగుళూరు నుంచి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు పాత సామాను వాడికి వేసేసిన పప్పుగుత్తిని పట్నంవాళ్ళు సంప్రదాయ వంటపరికరమని కొనుక్కుంటున్నారు. మూడో నెలకి ఇంట్లో బియ్యం బస్తా మళ్ళీ నిండుగా కనిపించింది. ఎగతాళి చేసిన సంగతి సోమలింగం మరిచిపోయాడు, కామాక్షి మాత్రం మరిచిపోలేదు.

కొట్టు పెట్టినప్పుడే ఆవిడ నిబంధనలన్నీ చదివి చెప్పింది. కొన్నవాళ్ళు ఐదు నక్షత్రాల్లో తమకి తోచినన్ని ఇస్తారు. వాటి సగటు నాలుగు కంటే తగ్గిందంటే కొట్టు మూసేస్తారు, ఒకసారి మూస్తే మళ్ళీ తెరవరు. సోమలింగం ఆ మాట చెవిన పెట్టలేదు. తన పప్పుగుత్తికి వంక పెట్టే మనిషి ఇంకా పుట్టలేదని అతని నమ్మకం.

లక్కోజువారి ఇంట్లో తాతల నాటి నియమం ఒకటుంది. కొసరు లేకుండా ఏ సరుకూ గుమ్మం దాటదు. పప్పుగుత్తి తీయగా మిగిలిన కర్రముక్కతో చిన్న బొంగరం చేసి, కింద ఇనప ములికి దిగగొట్టి, కొన్నవాళ్ళ చేతిలో పెడతారు. డబ్బుకి ఇచ్చేది సరుకు, మనిషికి ఇచ్చేది కొసరు అని సోమలింగం తండ్రి అనేవాడు. మొహం కూడా కనపడని మనిషికి కొసరేమిటి, పార్సిలు బరువు పెరగడం తప్ప అని కామాక్షి అంది. వింటేనా. ప్రతి పార్సిల్లోనూ ఒక బొంగరం వెళ్ళింది.

జనం మురిసిపోయారు. నాలుగు పాయింటు తొమ్మిది నక్షత్రాలు వచ్చాయి. ఆ మిగిలిన పాయింటు ఒకటి ఎక్కడికి పోయిందో అర్థం కాకపోయినా, సోమలింగం వీధిలో ఎదురైన ప్రతివాడికీ ఆ లెక్క చెప్పేవాడు. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ మెచ్చుకోళ్ళన్నీ పైకి చదివేవాడు, కత్తి గొంతు మీద ఉన్నప్పుడు కూడా ఆపేవాడు కాదు. ఇవ్వడంలోనే కాదు, పొగడ్త పుచ్చుకోవడంలోనూ ఈయనకి కొసరు కావాలని కామాక్షి అనేది.

పదో నెలలో మొదటి ఒంటి నక్షత్రం వచ్చింది. హైదరాబాదులో శశాంక్ అనే ఉద్యోగి తొమ్మిది నెలల కిందట పప్పుగుత్తి కొన్నాడు. దానితో అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా బొంగరంతోనే. తిప్పితే తిరుగుతోందనీ, కాసేపటికి ఆగిపోతోందనీ, చాలా నిరాశ చెందాననీ, డబ్బు వాపసు కావాలనీ రాశాడు.

ఏడు రోజుల్లోపు అడిగితేనే వాపసు, తొమ్మిది నెలలైంది కాబట్టి ఊరుకోమని కామాక్షి చెప్పింది. ఊరుకుంటే అతను సోమలింగం ఎందుకవుతాడు. కూర్చుని ఆవిడ చేతే జవాబు రాయించాడు. బొంగరమన్నాక ఆగుతుందనీ, ఆగని బొంగరం తన తాత కూడా చేయలేదనీ, ఆగినప్పుడు మళ్ళీ తిప్పుకోవాలనీ, ఇందులో దాపరికం ఏమీ లేదనీ ఆ జవాబు సారాంశం. పంపేశాక తగువు తీర్చిన పెద్దమనిషిలా కండువా దులుపుకున్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. సోమలింగం రెండు కాళ్ళతోనూ తొక్కాడు.

మూడో రోజున ఫోను మోగింది. అవతలి గొంతు తన పేరు వెంపరాల చిదానందం అనీ, సంతృప్తి బజార్ వారి ఆలస్య అసంతృప్తి విభాగంలో పరిరక్షణాధికారిననీ చెప్పింది.

"తమరు సరఫరా చేసిన అనుబంధ వస్తువు భ్రమణమును నిరంతరాయముగా కొనసాగించలేకపోవుట వలన వినియోగదారుడు మనస్తాపమునకు గురియైనాడు. అది ఆగిపోవునని తమరు లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు."

సోమలింగం ఏడు రోజుల గడువు సంగతి ఎత్తాడు. ఆ గడువు గత గురువారంతో రద్దయిందని చిదానందం ఎంతో ఓర్పుగా వివరించాడు. కొందరు వినియోగదారులు పనుల ఒత్తిడి వల్ల సకాలంలో అసంతృప్తి చెందలేకపోతున్నారట. తీరిక దొరికినప్పుడు చెందుదామంటే గడువు దాటిపోతోందట. సంతృప్తికి లేని గడువు అసంతృప్తికి విధించడం సహజ న్యాయానికి విరుద్ధమని పైవారు గుర్తించారట. కాబట్టి ఇకమీదట ఎప్పుడు కొన్నవారైనా ఎప్పుడైనా అసంతృప్తి చెందవచ్చు.

సరే, ఎంత వాపసు ఇవ్వాలని సోమలింగం అడిగాడు. అక్కడ చిక్కు వచ్చింది. బొంగరం వెల సున్నా. సున్నాని తిరిగి చెల్లించడానికి బజారు యంత్రాంగంలో ఏర్పాటు లేదు. చెల్లించకపోతే ఫిర్యాదు ముగియదు, ముగియని ఫిర్యాదు నెలనెలా నక్షత్రాల సగటుని కొంచెం కొంచెం తింటుంది. మార్గం ఒకటే, బొంగరానికి కనీస వెల ఒక రూపాయి నిర్ణయించాలి, ఆ రూపాయిని వాపసు చేయాలి. సోమలింగం సరేనన్నాడు. కామాక్షి ఆ సమయానికి పెరట్లో బట్టలు ఆరేస్తోంది, లేకపోతే అననిచ్చేది కాదు.

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. బొంగరానికి వెల కట్టేశాక అదీ సరుకే. అంటే రేపటి నుంచి గుమ్మం దాటేవి రెండు సరుకులు, కొసరు మాత్రం లేదు. గోడ మీద ఫొటోలో తండ్రి తననే చూస్తున్నట్టు అనిపించింది. చాలాసేపు ఆలోచించి చివరికి ఉపాయం కనిపెట్టాడు. బొంగరానికి చుట్టుకునే తాడు కొసరుగా ఇస్తే సరిపోతుంది.

"కొసరుకి కొసరేంటండీ? రేపు తాడుకీ వెల కట్టమంటారు, అప్పుడేం చేస్తారు?" అంది కామాక్షి.

తాడు మీద ఫిర్యాదు చేసేంత తీరిక లోకంలో ఎవరికుంటుందని సోమలింగం కొట్టిపారేశాడు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు అనుకుంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

లోకంలో తీరికకి లోటు లేదని ఇరవై రోజుల్లో తేలింది. తాడు పొడుగు ఎక్కువైందనీ, చుట్టగా మిగిలిన తాడుని ఏం చేయాలో సూచనలు లేవనీ విజయవాడ నుంచి ఒకాయన రెండు నక్షత్రాలు ఇచ్చాడు. చిదానందం ఫోను చేశాడు. తాడుకి రూపాయి వెల కట్టారు. తాడు సరుకైపోయింది కాబట్టి దాని చివర కట్టుకోవడానికి సోమలింగం ఒక గవ్వని కొసరుగా ఇచ్చాడు. ఒక్క గవ్వతో ఏ ఆటా ఆడుకోలేమని ఇంకొకాయన రాశాడు. ఇందులో మాత్రం న్యాయం ఉందనిపించి సోమలింగం నాలుగేసి గవ్వలు పెట్టడం మొదలుపెట్టాడు. వాటికీ వెల పడింది. ఇక గవ్వలకి కొసరు ఏమివ్వాలా అని తెగ ఆలోచించి, పప్పుగుత్తి పరీక్షించుకోవడానికి పనికొస్తుందని పిడికెడు కందిపప్పు పొట్లం కట్టాడు. ఆ పొట్లాన్ని కామాక్షి పార్సిల్లోంచి తీసి మళ్ళీ డబ్బాలో పోసేసింది. అందువల్ల ఆహార పదార్థాల విభాగంలోనూ ఒక చిదానందం ఉన్నాడో లేడో తెలుసుకునే అవకాశం వాళ్ళకి రాలేదు.

కథ అక్కడితో ఆగలేదు. తాడూ గవ్వలూ వస్తున్నాయన్న వార్త పాత కొనుగోలుదార్లకి తెలిసింది. మొదటి నెలల్లో కొన్న తమకి ఉత్త బొంగరమే ఇచ్చారనీ, ఇది పక్షపాతమనీ వాళ్ళంతా ఒక్కసారిగా నొచ్చుకున్నారు. దాని మీద బజారు వారు కొసరు సమానత్వ ఉత్తర్వు అని ఒకటి జారీ చేశారు. దాని ప్రకారం సోమలింగం నూట తొంభై రెండు తాళ్ళు, దానికి నాలుగింతల గవ్వలు సొంత ఖర్చుతో పాతవాళ్ళందరికీ పంపాడు. కొనాలనుకుని మానేసిన పెద్దమనిషి ఒకడు, మానేసిన కారణంగా తనకి కొసరు అందలేదని రాశాడు. ఆ ఉత్తరాన్ని చిదానందం సానుభూతితో పరిశీలించవలెనని రాసి సోమలింగానికి పంపాడు. సానుభూతికి కూడా తపాలా ఖర్చు అవుతుందని సోమలింగానికి అప్పుడు తెలిసింది.

అసలు సరుకు మీద కూడా ఒక ఫిర్యాదు వచ్చింది. బెంగుళూరు నుంచి భ్రమరాంబ అనే ఆవిడ, కొన్న ఏడాదికి, ఒక్క నక్షత్రం ఇచ్చింది. పప్పు మెదుగుతోంది కానీ మా అత్తగారు చేసిన పప్పులా ఉండటం లేదని దాని సారాంశం. సోమలింగానికి పౌరుషం వచ్చింది. నేరుగా ఆవిడకే ఫోను చేసి, అత్తగారు పప్పు ఎలా చేసేవారని అడిగాడు. ఆవిడ మొదట కోపంగా మాట్లాడినా తర్వాత మెత్తబడింది. అత్తగారు పోయి రెండేళ్ళయిందట, కుండలో ఉడకబెట్టి అరగంట కూర్చుని మెదిపేవారట, ఆ రుచి మళ్ళీ రాలేదని మా ఆయన రోజూ అంటారట. అయితే మీరు కూడా అరగంట కూర్చోండమ్మా అన్నాడు సోమలింగం, మంచి సలహా చెప్పానన్న సంతోషంతో. ఆవిడ ఫోను పెట్టేసి, విక్రేత నన్ను పని చేయమంటున్నాడు అని ఫిర్యాదుకి ఇంకో వాక్యం కలిపింది.

నక్షత్రాలు నాలుగు పాయింటు ఒకటికి వచ్చాయి. ఇంక ఒకటి రెండు ఫిర్యాదులు చాలు, కొట్టు పోతుంది. కామాక్షి ఇప్పుడు ఏమీ అనడం లేదు. పొద్దున్న లేవగానే ఫోను చూసి, ఆ అంకె అలాగే ఉంటే దణ్ణం పెట్టుకుని కాఫీకి నీళ్ళు పెడుతోంది. అది చూసి సోమలింగానికి భయం వేసింది.

అదే వారంలో బజారు వారు అతన్ని పశ్చాత్తాప శిక్షణకి పిలిచారు. పిలవడమంటే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఫోను ఎదురుగా కూర్చుని తప్పయిపోయిందని చెప్పాలి. ముఖం చూసి, గొంతు విని, పశ్చాత్తాపం ఎంత శాతం ఉందో ఫోనే చెబుతుంది. డెబ్భై శాతం వస్తే గట్టెక్కినట్టు. మొదటిసారి పద్దెనిమిది వచ్చింది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో భార్యతో ఒక్కసారి కూడా పొరపాటైందని అనని మనిషికి పద్దెనిమిది రావడమే ఎక్కువ. నాలుగు రోజులు అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. నాదే తప్పు, మన్నించండి, మీ మనసు నొప్పించాను అని రకరకాల గొంతులతో చెప్పాడు. కామాక్షి తలుపు వెనక నిలబడి, అవి తనతో అన్న మాటలు కాకపోయినా, నాలుగు రోజులూ చెవులారా వింది. ఐదో రోజున డెబ్భై ఒకటి వచ్చింది. ఆ పూట ఆవిడ పరమాన్నం వండింది.

అయినా బొంగరం ఫిర్యాదు ముగియలేదు. రూపాయి పుచ్చుకున్న శశాంక్, డబ్బు ముట్టింది కానీ బొంగరం ఇంకా ఆగుతూనే ఉందని మళ్ళీ రాశాడు. ఇది సాంకేతిక అంశం కాబట్టి స్వయంగా విచారిస్తానని చిదానందం కబురు పెట్టి, ఒక బుధవారం ఉదయం కారులో దిగాడు. ఫోనులో గొంతు విని ఆరడుగుల మనిషిని ఊహించుకున్నారు. వచ్చినవాడు చిన్నగా, బక్కగా, ఇస్త్రీ చొక్కాలో వేలాడుతున్నట్టు ఉన్నాడు. చేతిలో దస్త్రం, మెడలో పరుగుపందేల్లో వాడే గడియారం ఉన్నాయి.

విచారణ పెరట్లో జరిగింది. వినియోగదారు పక్షాన మొదట తానే తిప్పి చూడాలన్నాడు చిదానందం. తాడు చుట్టడానికి పది నిమిషాలు పట్టింది. విసిరితే బొంగరం తిరగకుండా వెళ్ళి, పక్కింటివాళ్ళ గేదె కోసం పెట్టిన కుడితి గోళెంలో పడింది. భ్రమణ కాలం సున్నా సెకన్లు అని రాసుకున్నాడు. తర్వాత సోమలింగం విసిరాడు. బొంగరం నేల మీద నిలబడి గుయ్యిమని తిరిగింది. వేళ్ళ సందున ఎత్తి అరచేతిలోకి తీసుకుని, చిదానందం కళ్ళ ముందు పెట్టాడు. ఒక్క క్షణం ఆ మనిషి గడియారం నొక్కడం మరిచిపోయాడు. మా ఊళ్ళో కూడా అని ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకుని, యాభై రెండు సెకన్లని రాసుకున్నాడు.

సున్నాకీ యాభై రెండుకీ సగటు తీసి, ప్రామాణిక భ్రమణ కాలము ఇరువది ఆరు సెకన్లు అని ప్రకటించాడు. అంతకు తక్కువ తిరిగితే బాధ్యత విక్రేతదే. కొన్నవాళ్ళకి తిప్పడం చేతకాకపోతేనో అని సోమలింగం అడిగాడు.

"వినియోగదారుని చేతికి లోపముండదు. ఉన్నచో దానిని ముందుగా ఊహించి సరిదిద్దవలసిన బాధ్యత విక్రేత మీదనే యుండును."

సోమలింగం చతికిలబడ్డాడు. ఊరూరా తిరిగి జనానికి బొంగరం తిప్పడం నేర్పాలా అని గొణిగాడు. కామాక్షి గుమ్మంలోంచే, దీనికి వేరే దారి ఏదైనా ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోమని అడిగింది. ఉందన్నాడు చిదానందం. కొసరు మానేయాలి. మానేసినట్టు ప్రతి పార్సిల్లోనూ ఒక ధ్రువపత్రం పెట్టాలి. ఆ పత్రం నమూనా ఆయన దస్త్రంలో తయారుగానే ఉంది. 'ఇందు కొసరు లేదు. ఉన్నట్లు తోచినచో అది పొరపాటున చేరినదే గాని ప్రేమతో ఇచ్చినది కాదని విక్రేత ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాడు.'

సోమలింగం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ప్రేమతో అన్న మాట దగ్గర ఆగాడు. తర్వాత వసారాలో ఉన్న లేత్ మిషను వైపు, గుమ్మంలో నిలబడ్డ కామాక్షి వైపు చూశాడు. ఆవిడ కళ్ళలో వేడుకోలు ఉంది. సంతకం పెట్టాడు. చిదానందం కుడితి గోళెంలోంచి తీసిన బొంగరాన్ని జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి, నమూనా కింద స్వాధీనం చేసుకుంటున్నానని చెప్పి సంచిలో వేసుకున్నాడు. తాడు కూడా స్వాధీనం చేసుకున్నాడు.

విచిత్రమేమిటంటే ఆ రోజు నుంచి నక్షత్రాలు పెరగడం మొదలయ్యాయి. ఏమీ ఇవ్వనివాడి మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. పప్పుగుత్తి వస్తోంది, కాగితం వస్తోంది, ఐదు నక్షత్రాలు పడుతున్నాయి. నిజాయితీగా కొసరు లేదని చెప్పారు, చాలా నచ్చింది అని ఒకావిడ రాసింది. రెండు నెలల్లో నాలుగు పాయింటు ఎనిమిది అయింది. బజారు వారు ఆదర్శ విక్రేత అని బిరుదిచ్చి, పటం కట్టించుకోవడానికి పత్రం పంపారు. సోమలింగం కట్టించాడు. గోడ మీద ఖాళీ లేక తండ్రి ఫొటోని కొంచెం పక్కకి జరిపాడు.

బిరుదు వచ్చాక అతను మాట్లాడే తీరే మారిపోయింది. చిదానందం చెప్పినవన్నీ ఎంత లోతైన మాటలో ఇప్పుడు అర్థమవుతున్నాయనేవాడు. జనం అసంతృప్తిని మనసులో దాచుకోవడం వల్లే దేశం ఇలా ఉందని మంగలి షాపులో ఉపన్యాసం ఇచ్చాడు. గడ్డం గీసినందుకు మంగలికి నాలుగు నక్షత్రాలే ఇచ్చి, ఐదోది ఎందుకు తగ్గించాడో వివరించాడు. ఇంట్లో పులుసుకి మూడున్నర ఇచ్చాడు. కామాక్షి గిన్నె ఎత్తి లోపల పెట్టేసి, వాపసు తీసుకున్నానంది. ఆ పూట మజ్జిగతో సరిపెట్టుకున్నా, తన పద్ధతిలో లోపం ఉందని మాత్రం అతనికి తోచలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం బజారుకి వెళ్ళి అప్పాయమ్మ దగ్గర కిలో వంకాయలు కొన్నాడు. అప్పాయమ్మకి డెబ్భై దాటి ఉంటాయి. మార్కెట్టు మలుపులో గోనెపట్టా వేసుకుని, సోమలింగం చిన్నప్పటి నుంచీ అక్కడే కూరగాయలు అమ్ముతోంది. వంకాయలు తూచి సంచిలో పోసి, ఎప్పటిలాగే గుప్పెడు కరివేపాకు పైన పడేసింది. వంకాయలు లేతగా ఉన్నాయి. కామాక్షి ఆ పూటే గుత్తివంకాయ కూర వండింది, ఇద్దరూ ఇష్టంగా తిన్నారు. కరివేపాకు మాత్రం సంచి అడుగునే ఉండిపోయింది.

శుక్రవారం నాడు సంచి దులుపుతుంటే అది కనపడింది. రెబ్బలన్నీ వడిలిపోయి నల్లబడ్డాయి. సోమలింగం దాన్ని వెలుతురులో పెట్టి మూడు వైపుల నుంచి ఫొటోలు తీశాడు. కాగితంలో చుట్టుకుని, చెప్పులేసుకుని, బజారుకి నడిచాడు. దారిలో అతని మనసులో కోపం లేదు. ఒక పౌరుడిగా చేయవలసిన పని చేస్తున్నాననే అనుకున్నాడు.

అప్పాయమ్మ బెండకాయల మీద నీళ్ళు చల్లుతోంది. అతను పొట్లం విప్పి ముందు పెట్టి, మంగళవారం ఇచ్చిన కరివేపాకు వడిలిపోయిందని చెప్పాడు. ఆవిడ పొట్లం వైపు, అతని మొహం వైపు చూసింది. ఎంతకి కొన్నారు బాబూ అని అడిగింది. కొనలేదు, కొసరు ఇచ్చావు కదా అన్నాడు సోమలింగం. వంకాయలు బాగున్నాయా అని అడిగింది. బాగున్నాయన్నాడు. తినేశారా అంది. తినేశామన్నాడు. ఫొటోలు చూపించడానికి ఫోను కూడా తీశాడు.

ఆవిడ ఫోను చూడలేదు. మోకాళ్ళ కింద ఉన్న సంచి తీసి, నలభై రూపాయలు లెక్కపెట్టి, అతని చేతిలో పెట్టింది. ఆవిడ మొహంలో కోపం లేదు. రేపటి నుంచి కూరగాయలు ఇంకెక్కడైనా కొనుక్కోమంది. సోమలింగం కంగారుపడి, వంకాయల డబ్బు తనకి అక్కర్లేదనీ, కరివేపాకు సంగతి చెప్పడానికే వచ్చాననీ అన్నాడు.

"నా పెళ్ళయిన కొత్తలో మీ నాన్నగారి దగ్గర పప్పుగుత్తి కొన్నానండి," అంది అప్పాయమ్మ. "కొసరని ఓ బొంగరం కూడా చేతిలో పెట్టారు. మూడో రోజుకే దాని ములికి ఊడిపోయింది. యాభై ఏళ్ళు దాటిందండి. రోజూ మీ కొట్టు ముందు నుంచే వచ్చేదాన్ని. ఆగి అడగాలని నాకెప్పుడూ తోచలేదు బాబూ."

ఆ మాట అనేసి వేరే బేరం చూసుకోవడానికి అటు తిరిగింది. సోమలింగం నలభై రూపాయలూ గోనెపట్టా మీద పెట్టబోయాడు. ఆవిడ తూనిక ఆపకుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. అంతమంది జనంలో అతనికి తల ఎత్తడానికి సిగ్గేసింది. అద్దం ముందు నాలుగు రోజులు సాధన చేసి ఫోనుకి చెప్పిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. వడిలిన కరివేపాకు పొట్లం కట్టుకుని, దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక, ఇంటిదాకా చేత్తోనే పట్టుకొచ్చాడు.

వసారాలో గుంటూరు వెళ్ళాల్సిన పార్సిలు ఒకటి అంటించడానికి సిద్ధంగా ఉంది. సోమలింగం పీట మీద కూర్చుని, కరివేపాకు తీసుకుని బజారుకి వెళ్ళిన దగ్గర్నుంచి జరిగిందంతా ఏదీ దాచకుండా కామాక్షికి చెప్పాడు. చెప్పి, నాదే తప్పు అన్నాడు. ఇదీ సాధనేమోనని ఆవిడ అతని ఎదురుగా అద్దం గానీ ఫోను గానీ ఉందేమో చూసింది. రెండూ లేవు.

తర్వాత పార్సిలు విప్పి, ధ్రువపత్రం తీసి పక్కన పెట్టి, మిగిలిపోయిన బొంగరాల బుట్టలోంచి ఒకటి తెచ్చి పప్పుగుత్తి పక్కన పెట్టాడు. మళ్ళీ ఫిర్యాదులు మొదలైతే కొట్టు ఉండదు కదండీ, తినడానికేం చేద్దామని కామాక్షి అడిగింది. ఏమో, తెలీదన్నాడు సోమలింగం. నిజంగానే అతనికి తెలీదు.

కామాక్షి వంగి, పార్సిల్లోంచి బొంగరం తీసి, ములికిని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ గట్టిగా లాగి చూసి, మళ్ళీ లోపల పెట్టింది.

"ఇది ఊడదులెండి," అంది. "అంటించండి."